ఇంగ్లీషులోకి మారితే గొంతు మారుతుందెందుకు?

ఫోన్లో తెలుగులో మాట్లాడుతున్న అక్క ఉన్నట్టుండి ఇంగ్లీషులోకి మారితే చెవి పెట్టి వినండి. మనిషి అదే, గొంతు మాత్రం కాస్త వేరుగా ఉంటుంది. ఎందుకు?

మెడ ముందు వేలు ఆనించి "ఆ" అనండి. లోపల అదురుతున్నవి స్వరతంత్రులు. పెద్దవాళ్లలో అయితే మగవాళ్లకు సెకనుకు సుమారు 100 సార్లు, ఆడవాళ్లకు సుమారు 200 సార్లు అదురుతాయి. కండరాలు వాటిని సాగదీసి బిగిస్తే స్వరం హెచ్చుతుంది, వదిలేస్తే తగ్గుతుంది.

పరాయి భాషలో తప్పు దొర్లుతుందేమోనన్న బెరుకుతో ఆ కండరాలు బిగుసుకోవచ్చు. అయితే అంతా భయం వల్లే అనుకోకండి. రెండు భాషలూ ధారాళంగా వచ్చినవాళ్లలోనూ ఈ తేడా కనిపిస్తుంది. ఒక్కో భాషది ఒక్కో గొంతు అలవాటు మరి!

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరిదాకా స్వరం మోగుతూ ఉంటుంది. ఇంగ్లీషులో 'క్యాట్', 'స్టాప్' లాంటివి హల్లు దగ్గర ఠక్కున తెగిపోతాయి. అమెరికాలో చాలామంది వాక్యం చివర గొంతు దించేసి, పాత తలుపులా కిర్రుమనిపిస్తారు. జపాన్‌లోనైతే ఆడవాళ్లు మర్యాదగా మాట్లాడాల్సి వచ్చినప్పుడు స్వరం పెంచడం మామూలే. కొత్త భాష నేర్చుకునేవాళ్లు మాటలతోపాటు ఈ పోకడల్నీ పట్టేస్తారు. అమ్మభాష అలవాట్లు మాత్రం అంత తొందరగా వదలవు.