ఎన్నడూ ఎదురుపడని జట్లలో మేటి ఏది? అనుకరణ పోటీల లెక్క ఇదీ

జంషెడ్‌పూర్: వేర్వేరు కాలాల్లో మేటిగా నిలిచిన జట్లు తలపడితే విజేత ఎవరు? బేస్‌బాల్ అభిమానులు దశాబ్దాలుగా అనుకరణ పోటీల ద్వారా ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతున్నారు. జట్ల పాత గణాంకాల ఆధారంగా కంప్యూటర్ ఒకే పోటీని వేల సార్లు ఆడించి, గెలుపు అవకాశాలను లెక్కిస్తుంది.

ఇదే పద్ధతిని ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్‌కు అన్వయించవచ్చు. 2021-22లో జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ 20 మ్యాచ్‌లలో 43 పాయింట్లతో లీగ్ షీల్డ్ గెలిచింది. మరుసటి సీజన్‌లో ముంబయి సిటీ అన్నే మ్యాచ్‌లలో 46 పాయింట్లతో దానిని దక్కించుకుంది. పాయింట్లే ప్రాతిపదికైతే మొగ్గు ముంబయికే.

అయితే కొవిడ్ ఆంక్షల వల్ల 2021-22 లీగ్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. జంషెడ్‌పూర్ తన జేఆర్‌డీ టాటా క్రీడా ప్రాంగణంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే షీల్డ్ సాధించింది. సొంత మైదానం ఇచ్చే బలాన్ని లెక్కలోకి తీసుకోకపోతే అనుకరణ తీర్పు అసంపూర్ణమే.