లండను అద్దాల గదిలో మన కృష్ణ ఒడ్డు రాయి

మా అమ్మాయి లండనులో నర్సుగా పనిచేస్తున్నది. మొన్న వేసవిలో, మిర్చి కాయలు గుంటూరు యార్డుకు చేర్చి చేతులు కడుగుకొన్న తరువాత, ఆమె పిలుపు మీద కొన్ని వారాలు అక్కడ ఉండి వచ్చాము. గేదె ఈనేలా ఉన్నదని మా ఇంటి ఆమె ఊళ్లోనే ఆగిపోయినది. కనుక మేము ఒక్కరమే వెళ్ళాము.

లండనులో చూడవలసినవి చాలా ఉన్నవి గాని మా మనస్సులో ఉన్నది ఒక్కటే. బ్రిటిషు మ్యూజియంలో లాకీషు రాళ్లు ఉన్నాయని చిన్ననాడు సండే స్కూలులో మా ఉపదేశకుడు గారు చెప్పారు. ఆయన చూడలేదు. ఆయనకు చెప్పినవారు చూచారో లేదో! ఒకసారి కన్నులారా చూడాలని మా కోరిక. ఆ రోజు అమ్మాయికి డ్యూటీ, అల్లుడికి డ్యూటీ. "నాన్నా, మీరొక్కరే వెళ్ళగలరా?" అని పది సార్లు అడిగి, ఇంటి చిరునామా కాగితం మీద వ్రాసి జేబులో పెట్టినది. పులిహోర డబ్బా సంచిలో పెట్టినది. ఒంగోలు బస్‌స్టాండులో తప్పిపోనివారము లండనులో తప్పిపోతామా అనుకొన్నాము గాని, భూగర్భ రైలులో ఒక స్టేషను ముందుకు పోయి వెనక్కి రావలసి వచ్చినది.

మ్యూజియం లోనికి టిక్కెట్టు లేదు. సంచి విప్పి చూచారు. పులిహోర డబ్బా చూచి నవ్వి పంపించారు.

లాకీషు గది 10వ నంబరు గదులలో లోపలిది. సన్హెరీబు రాజు క్రీస్తు పూర్వం 701లో యూదా దేశం మీదికి వచ్చి లాకీషు పట్టణాన్ని పట్టుకొన్న సంగతి రాజులు రెండవ గ్రంథము 18వ అధ్యాయంలో చదువుతాము. ఆ రాజే నీనెవెలోని తన మందిరపు గోడల మీద ఆ యుద్ధాన్ని చెక్కించుకొన్నాడు. ముట్టడి దిబ్బలు, కోట మీది నుండి పడుతున్న దివిటీలు, కొరతవేసిన మనుష్యులు. గోడ వెంబడి నడుస్తూ చూడాలి. అన్నిటికంటె మమ్మల్ని ఆపినది ఒక ఎద్దుబండి. బండి మీద మూటలు, మూటల మీద ఆడవాళ్లు, పిల్లలు. ఊరు విడిచి చెరకు పోతున్నారు. కరువు సంవత్సరాలలో మన మెట్ట ఊళ్ల నుండి వలసపోయిన బండ్లు ఇట్లే ఉండేవి. చివర సింహాసనం మీద రాజు కూర్చుని దోపుడు సొమ్ము చూచుకొంటున్నాడు. ఆయన ముఖాన్ని ఎవరో చెక్కివేశారు. మేము అక్కడ చాలాసేపు నిలువబడ్డాము.

గది కాచే ఆమె దగ్గరకు వచ్చి, ఇండియా నుండి వచ్చారా, అమరావతి చూచారా అని ఇంగ్లీషులో అడిగినది. రాజధాని సంగతి అడుగుతున్నదనుకొని, ఇంకా కడుతున్నారమ్మా అని చెప్పాము. ఆమెకు అర్థం కాలేదు. చేతితో ఉత్తరం వైపు చూపి, 33ఏ గదికి వెళ్ళమన్నది.

అది అద్దాల గోడ వెనుక ఉన్న గది. లోపల తెల్లని పలకరాళ్లు. చూడగానే రాయి గుర్తు పట్టాము. పల్నాటి సున్నపురాయి! మన ఇండ్లలో పరిచే నాపరాయికి పెద్దక్కవంటిది. దాని మీద తామరపూలు, లావుపాటి పూలదండను భుజాన మోసే మనుష్యులు, సింహాలు. ఒక పలక మీద స్తూపం బొమ్మనే చెక్కారు, అది నిలిచి ఉన్న రోజులలో ఎట్లుండేదో తెలిసేలాగున. అదే పలక వెనుక వైపున అంతకు మూడు వందల ఏండ్ల ముందటి చెక్కడం ఉన్నది. పాత రాయినే త్రిప్పి మరల వాడుకొన్నారు. మన మేస్త్రీల బుద్ధి అప్పుడూ అదే. ఆ పాత వైపున బుద్ధుని రూపం లేదు. ఖాళీ సింహాసనం, చుట్టూ మ్రొక్కేవారు. అంచుల మీద ఏవో అక్షరాలు ఉన్నవి గాని మాకు చదువ రాలేదు.

అమరావతి మా ఊరికి ఎంతో దూరం కాదు. కృష్ణ ఒడ్డున కూటములకు వెళ్ళినప్పుడు ఎన్నోసార్లు ఆ దారిన పోయాము. దిబ్బ దగ్గర ఒక్కసారి కూడ బస్సు దిగలేదు. అది మనది కాదనుకొన్నాము. విశ్వాసులము గదా, మనకెందుకు అన్న మాట కూడ అనుకొన్నాము. ఆ సంగతి దాచనక్కరలేదు.

ఈ రాళ్లు అక్కడికి ఎట్లు పోయినవి? 18వ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతిలో కొత్త పట్టణం కట్టించే రోజులలో, దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను రాళ్ల కోసం త్రవ్వారు. ఆ కబురు విని కర్నల్ మెకంజీ వచ్చి చూచాడు. 1816లో మరల బొమ్మలు గీసేవారిని వెంటబెట్టుకొని వచ్చేసరికి దిబ్బ నడిమి భాగం చెరువైపోయినది. 1842లో ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు చేరారు గదా. ఆ తరువాత మూడేండ్లకు, 1845లో, వాల్టర్ ఇలియట్ దొర అమరావతిలో త్రవ్వించి చాలా రాళ్లు మద్రాసుకు పంపాడు. అదే సంవత్సరం లేయర్డ్ దొర అష్షూరు దేశంలో త్రవ్వడం మొదలుపెట్టాడు. అమరావతి రాళ్లు మద్రాసులో ఏండ్ల తరబడి ఎండకు వానకు పడి ఉండి, 1859లో ఓడ ఎక్కినవి. 1880లో ఈ మ్యూజియానికి చేరినవి.

దొరలు ఎత్తుకుపోయారని మన యువకులు కోపపడతారు. అది న్యాయమే. అడగవలసినదే. అయితే ఎత్తుకుపోకముందు ఎన్నో పలకలను మనవారే కాల్చి సున్నం చేశారని కూడ చెప్పుకోవాలి. ఎవరి గోడలకు పూశారో ఆ సున్నం!

మ్యూజియం మెట్ల మీద కూర్చుని పులిహోర తిని, ఈసారి స్టేషను తప్పకుండ ఇల్లు చేరాము.

ఊరికి వచ్చిన తరువాత మనస్సు ఊరుకోలేదు. అమరావతి శాసనాల మీద వచ్చిన పుస్తకం ఒకటి సంపాదించి చదివాము. అద్దాల గదిలో మేము చదువలేకపోయిన ఆ బ్రాహ్మీ అక్షరాలలో ఎక్కువగా ఉన్నవి రాజుల పేర్లు కావు. దానం ఇచ్చినవారి పేర్లు. వర్తకులు, సన్యాసినులు, గృహస్థులు. వారిలో ఒకరు విధికుడు. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు. తల్లితో, భార్యతో, సహోదరులతో, నాగుడనే కుమారునితో, కుమార్తెలతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి దానం ఇచ్చాడు. ఆయన వృత్తి ఏమో అదే రాతిలో వ్రాయించుకొన్నాడు. చర్మకారుడు.

ఈ మాట దగ్గర పుస్తకం మూసివేశాము. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే బాప్తిస్మం పొందిన 2,222 మందిలో తోలుపని చేసుకొనే కుటుంబాలవారే ఎక్కువ. మా ముత్తాతగారు వారిలో ఒకరని మా నాయనమ్మ చెప్పేది. ఆయన మోటలకు తోలు బానలు కుట్టేవాడట. ఊరి గుడిలోనికి గాని, ఊరి బావి దగ్గరికి గాని రానిచ్చినవారు లేరు. విధికుని పేరు మాత్రం మహాచైత్యానికి ఎక్కినది.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర చిహ్నంగా తీసుకొన్నది అమరావతి శిల్పాన్నే. దాని నడుమ పూర్ణఘటం ఉన్నది. మనుమడి చదువు కోసం సచివాలయంలో తీసుకొన్న కుల ధ్రువపత్రం బీరువాలో నుండి తీసి, పైనున్న ఆ బొమ్మను మా ఇంటి ఆమెకు చూపించాము. విధికుని సంగతి అంతా చెప్పాము. ఆమె కళ్లజోడు పెట్టుకొని దగ్గరగా చూచినది.

"కొడుకు పేరు వ్రాయించాడు గదా, భార్య పేరు వ్రాయించలేదా?" అన్నది.

లేదని చెప్పాము.

"అనుకొన్నాను" అని లేచి గేదెకు నీళ్లు పెట్టడానికి వెళ్ళినది.