పందిరి వేస్తే చాలునా?

పెండ్లికి పిలవకపోతే చుట్టాలు కోపిస్తారు. సభకు పిలవకపోతే కోపించేవారుండరు; రాకుండా ఊరుకుంటారు, అంతే. ఈ భేదం నాకు నలభై దాటిన తరువాత గాని తెలిసిరాలేదు.

పోయిన ఉగాదికి మన వాషర్‌మెన్‌పేటలో సంఘం తరఫున పంచాంగ శ్రవణమూ, పిల్లల పాటలూ, వాటితోపాటు పన్నెండు చిన్న అంగళ్లూ ఏర్పాటు చేశాము. ఆఫీసులో కాగితాలు వ్రాసే గుమాస్తానని నోటీసు వ్రాసే పని నాకు అప్పగించారు. అంగళ్లవారికి ఉత్తరాలూ నేనే వ్రాశాను. “అయిదువందలమంది వస్తారు” అని అందులో వేశాను. ఆ లెక్క ఎక్కడిదంటే, ఎక్కడిదీ కాదు. వ్రాసేటప్పుడు బాగుంటుందని తోచింది, వ్రాశాను.

వచ్చినవారు ఎనభైమందికి మించరు. అందులో సగం మన కార్యవర్గమూ, వారి ఇంటివారూను. మా వీధి చివర ఉండే అక్క ఒకామె ఇన్నూరు బొబ్బట్లు చేసి తెచ్చింది. నలభై కూడా అమ్ముడుపోలేదు. రాత్రి మిగిలినవి పిల్లలకు పంచిపెట్టి, గిన్నె కడుక్కుంటూ నన్ను ఒక్క మాట అడిగింది: “తమ్ముడూ, అయిదువందలని ఎవరు లెక్కపెట్టారు?”

నాకు జవాబు లేకపోయింది. అంగడి బాడుగ తిరిగి ఇచ్చాము, నిజమే. పప్పూ, బెల్లమూ, రెండు రోజుల కష్టమూ ఎవరు తిరిగి ఇస్తారు?

ఆ తరువాత నాలుగు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి, ఎందుకు రాలేదని అడిగాను. చాలామంది మొగమాటపడ్డారు. పడనివారి వలన నాలుగు సంగతులు తెలిసినవి.

మొదటిది, నోటీసు తెలుగు అక్షరాలలో మాత్రమే అచ్చువేశాము. మన ఇండ్లలో పిల్లలు అవ్వతో చక్కగా తెలుగు మాట్లాడతారు, చదవలేరు. 2006లో చట్టం వచ్చి, ఈ రాష్ట్రంలో బడిపిల్లలందరికీ తరగతి వెంట తరగతి తమిళమే మొదటి భాష అయింది. ఆ పిల్లలు ఇప్పుడు ఉద్యోగస్థులు. వారి చేతికిచ్చిన మన నోటీసు వారికి ఒట్టి బొమ్మ. రెండవది, నోటీసులు మన గోడకూ, మన గుడికీ అంటించాము. అక్కడికి వచ్చేవారికి సంగతి ముందే తెలుసును. రానివారికి ఆ గోడ కనపడదు. మూడవది, అయిదు గంటలకని అచ్చువేసి, ఏడింటికి దీపం వెలిగించాము. మరునాడు పరీక్ష ఉన్న పిల్లల తల్లులు ఉపన్యాసం మధ్యలోనే లేచిపోయారు. అంగళ్లేమో హాలు వెనుక వేశాము. పోయేవారు అటు తొంగిచూడనైనా లేదు. నాలుగవది, పక్కింటి తమిళ సోదరులను పిలవనేలేదు. “మీ పండుగ గదా, పిలవని చోటికి ఎలా వస్తాము?” అని ఒక పెద్దాయన నవ్వుతూ అన్నాడు.

ఈ నాలుగవ మాట నన్ను ఎక్కువగా పట్టుకున్నది. 1891లో బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి సరస వినోదినీ సభవారు చెన్నపట్నం వచ్చి తెలుగు నాటకాలు ఆడారు. వాటిని చూచి ఉత్సాహపడినవారు పమ్మల్ సంబంధ ముదలియారుగారు. ఆ ఏడే సుగుణ విలాస సభ వెలిసింది, తమిళ నాటకానికి కొత్త దారి పడింది. మన నాటకానికి మనవారే రావాలని ఆనాడు గిరిగీసుకొని ఉంటే అంత మేలు జరిగేదా? ఈ పట్నమే దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో కంపెనీవారికి ఇచ్చిన చోట పెరిగినది. ఆ రోజును తలచుకొని 2004 నుంచి ఏటా ఆగస్టు నెలలో మద్రాసు దినం జరుపుతున్నారు. ఒక వీధివారు నడక పెడతారు, మరొకరు పాత ఫోటోలు చూపుతారు. ఎవరికి చేతనైనది వారు చేస్తారు, వచ్చేవారిని భాష అడగరు.

జనాన్ని రప్పించడం మన పేటకు కొత్త విద్యా కాదు. కంపెనీనాడు బట్టలు ఉతికి చలువచేసేవారు కాపురమున్న చోటు ఇది. నేటికీ ఎం.సి. రోడ్డులో చీరల అంగళ్లవారిని చూడండి: మంచి సరుకు వీధివైపు వ్రేలాడదీస్తారు, ధర నోటితో చెబుతారు, కొననివారిని కూడా “రండమ్మా” అంటారు. మనము ఈ మూడూ చేయలేదు.

కనుక ఈ యేడు ఇలా నిశ్చయించుకున్నాము. నోటీసు తెలుగులోనూ, తమిళంలోనూ ఉంటుంది. రోజు, వేళ, చోటు పై వరుసలోనే పెద్ద అక్షరాలతో ఉంటాయి. అధ్యక్షుల బిరుదులు అడుగున. మెట్రో 2019లో మన పేటకు వచ్చింది, 2021లో విమ్కోనగర్ దాకా సాగింది. కాబట్టి ఏ స్టేషనులో దిగాలో, అక్కడినుంచి ఎటు నడవాలో కూడా వేస్తాము. పరీక్షలు ముగిసిన తరువాతి ఆదివారం పెట్టుకుంటాము. అంగళ్లు వాకిట్లోనే ఉంటాయి. ఉపన్యాసాలు రెండే, ఒక్కొక్కటి పది నిమిషాలు.

పోలీసువారి అనుమతీ, మంచినీళ్లూ, ఆడవారికి మరుగుదొడ్డీ ముందే చూసుకోవాలి. పందిరికింద పొయ్యి పెట్టనివ్వరాదు. 1886 డిసెంబరు 31న ఈ పట్నంలోనే పీపుల్స్ పార్కు సంతలో నిప్పంటుకొని వందలమంది పోయారు. జనం రావాలని కోరేవారికి, వచ్చినవారిని క్షేమంగా ఇంటికి పంపే బాధ్యత కూడా ఉన్నది.

అన్నిటికంటే ముఖ్యం, అంగళ్లవారికి ఉన్న లెక్కే చెప్పాలి. మొన్న అక్క ఇంటికి వెళ్లాను. “అక్కా, ఇల్లిల్లూ అడిగి పేర్లు వ్రాసుకున్నాను. వస్తామన్నవి నూటపది ఇండ్లు. అంతకుమించి నేను చెప్పలేను” అన్నాను. కాగితం తీసుకొని పేర్లు చివరిదాకా చదివింది.

“అయితే నూరు చేస్తాను. చాలకపోతే వచ్చే యేడు చూసుకుందాం” అన్నది.

ఆ నూటపదిలో మీ ఇల్లు లేకపోతే నాకు కబురు పెట్టండి, పేరు వ్రాసుకుంటాను. ఉంటే, పక్కింటివారిని కూడా వెంటబెట్టుకొని రండి. అక్క చేసిన బొబ్బట్లు ఈసారి చాలలేదనిపించుకోవాలని నా కోరిక.