పసిబిడ్డకు జ్వరం వస్తే...

"లంఖణం పరమౌషధం" అన్నారు పెద్దలు. అజీర్తి చేసిన పెద్దవాళ్ళకు ఆ మాట చెల్లుతుందేమో గాని, జ్వరం వచ్చిన చంటిబిడ్డకు మాత్రం చెల్లదు. అయినా మన కృష్ణా డెల్టాలో, కూచిపూడి అనండి, మొవ్వ అనండి, పామర్రు అనండి, బిడ్డ ఒళ్ళు కాలిందంటే చాలా ఇళ్ళల్లో మొదట జరిగేవి మూడు పనులు: పాలు తగ్గించడం, దుప్పటి కప్పడం, దిష్టి తీయడం. సార్వా నాట్ల రోజుల్లో తల్లి చేలో ఉంటే బిడ్డ నాయనమ్మ ఒళ్ళో ఉంటుంది. ఏం చెయ్యాలన్నా ఆవిడే నిర్ణయించాలి. ఆవిడ ప్రేమకేం లోటు లేదు. దానికి తోడు కావలసింది కాస్త కొలత, కాస్త లెక్క. సైన్సు చదువుకుంటున్న మనం సెలవులకు ఇంటికి పట్టుకెళ్ళగలిగింది అదే.

జ్వరం అంటే ఏమిటి?

జ్వరం జబ్బు కాదు, ఒంట్లో ఏదో జబ్బు ఉందని చెప్పే గుర్తు. మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని ఒక మట్టంలో నిలుపుతుంది. క్రిములు ప్రవేశించినపుడు రక్షణ కణాలు కొన్ని పదార్థాలను వదులుతాయి. వాటివల్ల ప్రోస్టాగ్లాండిన్ తయారై ఆ మట్టాన్ని పైకి జరుపుతుంది. కొత్త మట్టాన్ని అందుకోవడానికి శరీరం చర్మానికి వెళ్ళే రక్తాన్ని తగ్గించి, వణుకు పుట్టించి, వేడిని కూడబెడుతుంది. జ్వరం ఎక్కేటపుడు పొట్ట కాలిపోతున్నా అరికాళ్ళు చల్లగా ఉండడం ఇందువల్లనే.

ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి. చన్నీళ్ళు పోసినా, ఐసు పెట్టినా పైన చర్మం చల్లబడుతుందే గాని లోపలి మట్టం దిగదు. బిడ్డ వణికి ఇంకా వేడి పుట్టిస్తుంది. దుప్పట్లు కప్పితే ఉన్న వేడి బయటికి పోదు. పల్చని నూలు చొక్కా వేసి, గాలి ఆడేచోట పడుకోబెడితే చాలు. తడిగుడ్డతో తుడవాలనుకుంటే గోరువెచ్చని నీళ్ళే వాడాలి. బిడ్డ వణికినా, ఏడ్చినా మానేయాలి. పారాసిటమాల్ ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గించి మట్టాన్ని దించుతుంది. అంతే, క్రిమిని అది చంపదు.

చెయ్యి చెప్పేది చాలదు

1868లో జర్మన్ వైద్యుడు వుండర్లిష్ వేలాది రోగుల ఒంటి వేడిని కొలిచి గ్రంథం రాశాక గాని, జ్వరాన్ని అంకెల్లో చెప్పే పద్ధతి వైద్యంలో స్థిరపడలేదు. మన ఇళ్ళల్లో ఇంకా మణికట్టు వెనకభాగంతో నుదురు తాకి "కాలిపోతోంది" అంటాం. డిజిటల్ థర్మామీటరు పెద్ద ఖరీదు కాదు. దాన్ని చంకలో పెట్టి, చెయ్యి దగ్గరికి నొక్కి, బీప్ అనేదాకా ఆగాలి. చంకలో 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే జ్వరం కిందే లెక్క. లోపలి వేడికైతే ఆ హద్దు 100.4.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైనది బిడ్డ వయసు. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం వస్తే ఇంటి వైద్యం అసలు వద్దు. అంత పసివాళ్ళకు రోగనిరోధక శక్తి తక్కువ, పైకి కనిపించే లక్షణాలూ తక్కువే. కొద్దిపాటి జ్వరం వెనక పెద్ద ప్రమాదం దాగి ఉండవచ్చు. అదే రోజు, అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. టీకా వేసిన తర్వాత వచ్చే జ్వరానికి ఏ.ఎన్.ఎమ్. చెప్పిన మోతాదు పాటించవచ్చు. కాని బిడ్డ పాలు తాగకపోయినా, జ్వరం మర్నాటికీ తగ్గకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.

ఒకే పేరు, మూడు బలాలు

పారాసిటమాల్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించకుండా ఇవ్వాలి. మందుల షాపులో ఇది మూడు బలాల్లో దొరుకుతుంది: చుక్కల మందు ఒక మి.లీ.లో 100 మి.గ్రా.; మామూలు సిరప్ 5 మి.లీ.లో 120 మి.గ్రా.; బలమైన సిరప్ 5 మి.లీ.లో 250 మి.గ్రా.

ఎనిమిది కిలోల బిడ్డను తీసుకోండి. 15 చొప్పున 120 మి.గ్రా. కావాలి. అంటే మామూలు సిరప్ 5 మి.లీ., బలమైన సిరప్ 2.4 మి.లీ., చుక్కల మందైతే 1.2 మి.లీ. మాత్రమే. "అయిదు మి.లీ. పొయ్యమన్నారుగా" అని చుక్కల మందు 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా. లోపలికి పోతుంది. ఇది నాలుగింతల కంటే ఎక్కువ. అలా జరుగుతూ పోతే కాలేయం దెబ్బతింటుంది. సీసా మీది అంకె చదవకుండా మూత తియ్యకూడదు. కాఫీ చెంచా కొలత కాదు, సీసాతో ఇచ్చే గొట్టమో మూతో వాడాలి. కొన్ని జలుబు మందుల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిపి పోస్తే మోతాదు రెట్టింపవుతుంది.

101 ఉన్నా బిడ్డ ఆడుకుంటూ, పాలు తాగుతూ ఉంటే మందు తొందరేమీ లేదు. హాయిగా నిద్రపోతున్న బిడ్డను లేపి మందు పోయనవసరం లేదు.

ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేయ్స్ సిండ్రోమ్‌కు దానితో సంబంధం ఉంది. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని మన ప్రభుత్వం 2011లో నిషేధించింది. దోమల కాలంలో డెంగీ అనుమానం ఉంటే రక్తస్రావం భయం వల్ల ఐబుప్రోఫెన్ కూడా వద్దు. ఇక యాంటీబయాటిక్ సంగతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో బయటికొచ్చిన ఆరియోమైసిన్ వంటి మందులు బాక్టీరియాను చంపుతాయి, వైరస్‌ను కాదు. పిల్లలకు వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌వే. "ఒక సూది వేసెయ్యండి" అని ఆర్.ఎం.పి. డాక్టరును మనమే అడగడం మానాలి.

పాలు మానిపించవద్దు

జ్వరంలో ఒంట్లో నీరు ఎక్కువ ఖర్చవుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలే మరిన్నిసార్లు పట్టాలి, వేరే నీళ్ళు వద్దు. ఆ పై వయసు వాళ్ళకు పాలతో పాటు గంజి, పప్పుకట్టు, పల్చని మజ్జిగ కొంచెం కొంచెంగా పెట్టాలి. మూత్రం మామూలుగా పోస్తుంటే నీరు సరిపోతున్నట్టే. "పళ్ళొస్తున్నాయి, అందుకే జ్వరం" అనే మాట నమ్మి ఊరుకోకూడదు. పళ్ళవల్ల పెద్ద జ్వరం రాదు.

ఫిట్స్ వస్తే

ఆరు నెలల నుండి అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుండి అయిదుగురికి జ్వరంలో ఫిట్స్ వస్తాయి. చూసేవాళ్ళ గుండె ఆగినంత పనవుతుంది గాని, చాలావరకు అవి కొద్ది నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. చేతిలో ఇనుప తాళంచెవి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలైనా ఆగకపోతే 108కి ఫోన్ చెయ్యాలి. ఆ వాహనాలు 2005 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో తిరుగుతున్నాయి. ఆగిపోయినా సరే, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇక ఆగకూడదు

బిడ్డ పాలు పట్టుకోలేకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, లేపినా కళ్ళు తెరవకుండా మగతగా ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, మాడు ఉబ్బినా లోతుకు పోయినా, మెడ బిగుసుకున్నా, ఒంటిమీద రక్తపు మచ్చలు కనబడినా ఆలస్యం చెయ్యకూడదు. బిడ్డ ఊరుకున్నపుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40, ఆ పైన ఉంటే ఊపిరితిత్తుల్లో ఇబ్బంది ఉన్నట్టు అనుమానించాలి. ఇవేవీ లేకపోయినా మూడోరోజుకు జ్వరం తగ్గకపోతే రక్తపరీక్ష అవసరం కావచ్చు. దిష్టి తీస్తే తియ్యనివ్వండి, దానివల్ల నష్టం లేదు. బందరుకో బెజవాడకో బయలుదేరడం ఆలస్యమైతేనే నష్టం.

ఈసారి సంక్రాంతికి ఇంటికి వెళ్ళినపుడు ఒక చిన్న పని చెయ్యండి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే తూకం వేసి, ఆ బరువు, మీ ఇంట్లో ఉన్న సీసా లెక్కన ఎన్ని మి.లీ. పొయ్యాలో, 108 అన్న అంకె, ఈ మూడూ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి బీరువా తలుపు లోపల అంటించండి. మోతాదు సరిగా ఉందో లేదో ఏ.ఎన్.ఎమ్.కు ఒకసారి చూపించండి. బిడ్డ బరువు పెరిగినపుడల్లా అంకె మార్చండి. అర్ధరాత్రి నాయనమ్మ చేతికి అందే సైన్సు అదే.