ట్యాంక్‌బండ్ మీది నుంచి సూర్యాస్తమయం

హుస్సేన్‌సాగర్‌కు తూర్పు గట్టు ట్యాంక్‌బండ్. సూర్యాస్తమయాన్ని నీటి మీదుగా ఫొటో తీయాలంటే నిలబడాల్సింది అక్కడే. ఎదురుగా 1992లో జిబ్రాల్టర్ రాక్‌పై నిలిపిన బుద్ధ విగ్రహం ఉంటుంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా పడమర దిక్కున అస్తమిస్తాడు. ఆపైన రోజుకు తన వెడల్పులో ముప్పాతిక వంతు మేర ఉత్తరానికి జరుగుతూ, ఏప్రిల్ చివరికి దాదాపు 15 డిగ్రీలు తప్పుకుంటాడు. బింబం విగ్రహం వెనకే రావాలనుకునేవారు ఆ కొద్దీ దక్షిణానికి, సచివాలయం వైపు నడవాలి.

వసంతంలో రంగును గాలే నిర్ణయిస్తుంది. అస్తమించే సూర్యుడి కాంతి, నడినెత్తిన ఉన్నప్పటికంటే దాదాపు 40 రెట్లు ఎక్కువ గాలిని దాటి వస్తుంది. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. కానీ మార్చి, ఏప్రిల్‌లలో వానలు లేక దుమ్ము పేరుకుంటుంది. దుమ్ము రేణువులు అన్ని రంగులనూ చెదరగొట్టడంతో ఆకాశం పాలిపోతుంది. కొన్ని సాయంత్రాలు బింబం కిందికి దిగకముందే మసకలో కలిసిపోతుంది. అకాల వాన వెలిసిన మరుసటి సాయంత్రాన్ని వదులుకోకూడదు. పైన పలచని మబ్బులుంటే మరీ మేలు. మబ్బు లేని ఆకాశం ఫొటోలో చాలాసార్లు చప్పగానే ఉంటుంది.

ఫోన్‌లో సూర్యుడు చిన్న చుక్కగా మిగలడం అందరూ ఎరిగినదే. సెన్సర్ మీద బింబం వ్యాసం ఫోకల్ లెంగ్త్‌లో 110వ వంతు మాత్రమే: 50 ఎంఎం లెన్స్‌తో అర మిల్లీమీటరు కూడా రాదు, 400 ఎంఎంతో మూడున్నర దాటుతుంది. పెద్ద లెన్స్ బిగించాక ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడరాదు, కంటికి ప్రమాదం. స్క్రీన్ మీదే చూసుకోవాలి.

వెలుతురు కొలత సూర్యుడి పక్కనున్న ఆకాశం మీద తీసుకోవాలి. ఫోన్‌లోనైతే అక్కడ వేలితో తాకి, బ్రైట్‌నెస్ కాస్త తగ్గిస్తే చాలు. విగ్రహం నల్లటి ఆకారమై రంగులు నిలుస్తాయి. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ బంగారు ఛాయను తగ్గించేస్తుంది గనుక డేలైట్‌కు మార్చుకోవడం మంచిది. గాలి వీచి నీరు కదిలితే చాలామంది నిరాశపడతారు గానీ, అప్పుడు పరుచుకునే పొడవాటి వెలుగు చారే దృశ్యానికి లోతునిస్తుంది. నీటి అంచు గీత మాత్రం వంకర పోకూడదు.

మార్చి మధ్యలో ఇక్కడ సూర్యాస్తమయం ఆరున్నరకు కాస్త ముందు. దిగంతాన్ని తాకిన బింబం పూర్తిగా మునగడానికి రెండు నిమిషాల పైచిలుకు చాలు. జనం అంతటితో ఇంటిదారి పడతారు. మబ్బులు కింది నుంచి వెలుగు తగిలి ఎర్రబారేది ఆ తర్వాత పది పదిహేను నిమిషాలకు. చీకటి ముదిరేకొద్దీ షట్టర్‌ను సెకను దాకా తెరిచి ఉంచాల్సి వస్తుంది. ట్రైపాడ్ లేనివారు కెమెరాను రెయిలింగ్‌కు ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి తీయవచ్చు.