విమాన దూరం – ప్రయాణ కాలం: లెక్కించే పద్ధతి

దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణ కాలం వస్తుందని మీరు పాఠశాలలోనే నేర్చుకున్నారు. సూత్రం సరైనదే. అయితే ఆ ఒక్క లెక్కనే నమ్ముకొని ఢిల్లీలో ఇంటర్వ్యూకు బయలుదేరితే సమయానికి చేరుకోలేకపోవచ్చు. కారణమేమిటో ఈ భాగంలో తెలుసుకుందాం.

దూరం

భూగోళంపై రెండు స్థలాల మధ్య అతి తక్కువ దూరం మహావృత్తం వెంబడి ఉంటుంది. భూకేంద్రాన్ని కేంద్రంగా గల వృత్తమే మహావృత్తం. దానిపై ఒక డిగ్రీకి సుమారు 111 కి.మీ. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశంపైన, ఢిల్లీ విమానాశ్రయం 28.57 డిగ్రీలపైన ఉన్నాయి. తేడా 11.33 డిగ్రీలు. దీనిని 111తో గుణిస్తే సుమారు 1,258 కి.మీ. వస్తుంది. రేఖాంశాలలో ఉన్న కొద్దిపాటి తేడాను కూడా కలిపితే దూరం దాదాపు 1,265 కి.మీ. అవుతుంది. ఇవే నగరాల మధ్య రైలు మార్గం 1,600 కి.మీ. పైమాటే.

కాలం

గంటకు 800 కి.మీ. వేగంతో 1,265 కి.మీ. వెళ్లడానికి 1 గంట 35 నిమిషాలు చాలు. కాని టైమ్‌టేబుల్‌లో సుమారు రెండుంపావు గంటలు కనిపిస్తుంది. విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, గమ్యంలో ఆగేవరకు పట్టే కాలాన్నే టైమ్‌టేబుల్ చూపుతుంది. రన్‌వే దాకా నడవడం, వరుసలో వేచి ఉండడం, పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువగా ఉండడం, నిర్ణీత మార్గం కోసం కొంత చుట్టు తిరగడం – ఇవన్నీ అందులో చేరతాయి. చెక్-ఇన్, భద్రతా తనిఖీలకు పట్టే సమయం మాత్రం చేరదు. దానిని మీరే విడిగా కలుపుకోవాలి.

గాలి, గడియారం

హైదరాబాద్ – లండన్ దూరం సుమారు 7,750 కి.మీ. శీతకాలంలో హైదరాబాద్‌లో ఉదయం 7.30కు బయలుదేరిన విమానం అక్కడి సమయం ప్రకారం మధ్యాహ్నం 12.30కు చేరిందనుకుందాం. ప్రయాణం 5 గంటలు కాదు. అప్పుడు లండన్ గడియారం మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది కాబట్టి 10 గంటల 30 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో లండన్‌లో మధ్యాహ్నం 2.00కు బయలుదేరి, మరునాడు మన సమయం ప్రకారం ఉదయం 5.00కు చేరితే, 15 గంటల్లోంచి 5.30 తీసివేయాలి. మిగిలేది 9 గంటల 30 నిమిషాలు. దూరం అంతే అయినా కాలం తగ్గింది. పైఎత్తుల్లో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ ప్రవాహం ఒకవైపు ఎదురుగాలి, మరోవైపు తోడుగాలి అవుతుంది.

గుర్తుంచుకోండి: దూరం మారదు, కాలం మారుతుంది. రెండు సమయాలను ఒకే గడియారానికి మార్చిన తరువాతే తీసివేత చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

వేసవిలో లండన్ మనకంటే 4 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. జూన్‌లో హైదరాబాద్‌లో ఉదయం 7.45కు బయలుదేరిన విమానం లండన్ సమయం ప్రకారం మధ్యాహ్నం 1.30కు చేరితే ప్రయాణ కాలం ఎంత?

జవాబు: 10 గంటల 15 నిమిషాలు.