డూప్లికేట్ కంటెంట్ ఉంటే గూగుల్ పెనాల్టీ వేస్తుందా?

కొత్తగా వెబ్‌సైట్ పెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఒకే మ్యాటర్ నా సైట్‌లో రెండు చోట్ల ఉంది. గూగుల్ పెనాల్టీ వేస్తుందా?" ఈ భయాన్ని చూపించి, "పెనాల్టీ తీయిస్తాం" అని డబ్బులు అడిగేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే అసలు సంగతేంటో ఈరోజు చూద్దాం.

ముందే చెప్పేస్తున్నా, వేయదు. మామూలు డూప్లికేట్ కంటెంట్‌కి పెనాల్టీ అనేది లేదని గూగుల్ 2008లోనే చెప్పింది.

మరి ఏం చేస్తుంది? ఒకేలా ఉన్న పేజీలన్నిటినీ ఒక గుంపుగా చేర్చి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటుంది. దాన్నే కెనానికల్ అంటారు. సెర్చ్‌లో మామూలుగా అదే కనిపిస్తుంది, మిగతావి వెనక ఉండిపోతాయి. ఒకే ఫొటో నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో వస్తే మనం ఒకటి ఉంచుకుంటాం కదా, అలాగన్నమాట.

"నాది ఒకటే పేజీ కదా" అనుకోకండి. గూగుల్ చూసేది అడ్రస్‌ని. హెచ్‌టీటీపీతో ఒకటి, హెచ్‌టీటీపీఎస్‌తో ఒకటి, ముందు మూడు డబ్ల్యూలు ఉన్నది, లేనిది. అక్కడికే నాలుగు అడ్రస్‌లు! సోషల్ మీడియాలో షేర్ చేసినప్పుడు లింక్ చివర తగులుకునే తోకతో ఇంకొకటి. మీరు ఏది కావాలో చెప్పకపోతే, గూగుల్ తనకు తోచింది ఎంచుకుంటుంది.

ఎలా చెప్పాలి? పాత అడ్రస్ అక్కర్లేకపోతే 301 రీడైరెక్ట్ పెట్టండి. రెండూ ఉండాల్సిందే అంటే కెనానికల్ ట్యాగ్ వాడండి. దీన్ని 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చాయి. వర్డ్‌ప్రెస్ అయితే పోస్టులకు తనే పెట్టేస్తుంది. కానీ గుర్తుంచుకోండి, గూగుల్‌కి ఇది సూచన మాత్రమే, ఆర్డర్ కాదు. చివరికి ఏది ఎంచుకుందో సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో చూసుకోవచ్చు.

ఇక అసలు ప్రమాదం వేరే ఉంది. మీరు కష్టపడి రాసింది ఇంకొకరు ఎత్తుకెళ్లి వాళ్ల సైట్‌లో పెట్టుకుంటే? ఒరిజినల్ ఏదో గుర్తించాలని గూగుల్ చూస్తుంది, కానీ ఒక్కోసారి కాపీయే పైన కనిపిస్తుంది. అప్పుడు ఊరుకోకండి. కాపీరైట్ కంప్లైంట్ ఫారం గూగుల్‌లోనే ఉంది, ఫ్రీగా పంపవచ్చు. అలా ఇతరుల కంటెంట్‌ని గుంపగుత్తగా ఎత్తిపోసే సైట్లను గూగుల్ స్పామ్ కింద చూస్తుంది. చర్య నిజంగా ఉండేది అక్కడే.

వీడియో అయ్యాక ఒక పని చేయండి. మీ పోస్టులోంచి ఒక పొడవైన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఫోన్‌లోనే గూగుల్‌లో వెతకండి. అదే వాక్యం ఇంకెక్కడైనా ఉంటే బయటపడే అవకాశం ఉంది. ఏం కనిపించిందో కామెంట్‌లో చెప్పండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.